కొండమీది కాలేజీకి ఇరవయ్యేళ్ల ప్రణాళిక

విద్యార్థి సంఘం కార్యదర్శి సావనీరుకి వ్యాసం అడగడానికి వచ్చి, "మీ సబ్జెక్టులోదే రాయండి సార్, గానీ మాకు అర్థమయ్యేట్టు రాయండి" అన్నాడు. నేను చెప్పే సబ్జెక్టు వాణిజ్యశాస్త్రం. అందులో దీర్ఘకాలిక ప్రణాళిక అని ఒక పాఠం ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఆ పాఠానికి ఇచ్చే ఉదాహరణలన్నీ పెద్ద పెద్ద కంపెనీలవే. ఉక్కు ఫ్యాక్టరీలూ, మోటారు కార్లూ, సబ్బులూను. పరీక్ష రాసి మర్చిపోవడానికి అవి చాలు. ఈ వ్యాసానికి నేను వేరే ఉదాహరణ తీసుకుంటున్నాను. తూర్పు కనుమల్లో నాలుగైదు గదులూ, కొద్దిమంది అధ్యాపకులూ, కొండల మీంచి దిగివచ్చే పిల్లలూ ఉన్న ఒక చిన్న డిగ్రీ కాలేజీ. అలాంటి కాలేజీకి ఇరవయ్యేళ్ల ప్రణాళిక వెయ్యాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో తగల్లేదు. నేను పుట్టింది అరకు వైపు ఒక కొండ ఊళ్లో. మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఇక్కడికి రాకముందు ఆరేళ్లపాటు ఏజెన్సీలోనే ఒక కాలేజీలో పనిచేశాను. పేరెందుకులెండి, ఏ కొండ కాలేజీ అయినా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఒక వేసవిలో కొత్త ప్రిన్సిపాల్ గారు, "అయిదేళ్ల ప్రణాళిక పైకి పంపమన్నారు, పాతవేమన్నా ఉన్నాయేమో చూడండి" అన్నారు. అటెండరూ నేనూ కలిసి బీరువా దులిపితే మూడు ఫైళ్లు దొరికాయి. ముగ్గురు ప్రిన్సిపాళ్లు, మూడు ప్రణాళికలు. ఒకరి ఫైలు తరువాతివారు తెరిచి చూసిన గుర్తు లేదు. మూడింట్లోనూ మొదటి కోరిక ఒక్కటే: వెనకవైపు ప్రహరీ గోడ. రెండోది కంప్యూటర్ల గది. మొదటి సంవత్సరంలో చేరినవాళ్లలో మూడో సంవత్సరం దాకా ఎంతమంది మిగిలారన్న లెక్క మాత్రం మూడింట్లో ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ సంవత్సరమే బాగా చదివే ఒకమ్మాయి రెండో సంవత్సరం మధ్యలో కనబడకుండా పోయింది. సంతలో వాళ్ల నాన్న ఎదురైతే, "ఏం అన్నయ్యా, అమ్మాయిని మానిపించేశావా?" అని అడిగాను. "నానెందుకు మానిపిస్తాను మేస్టారూ? కాఫీ పళ్లు కోతకొచ్చాయని నెల్లాళ్లు ఇంటికొచ్చింది. తిరిగెల్తే హాజరు చాలదు, పరీక్షకి కూకోనివ్వం అన్నారంట. ఇంక ఎల్లనంది," అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు. హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన ఎర్రసిరాతో గీత గీసింది నేనే.

ప్రణాళిక అంటే ఏమిటి?

మన దేశంలో ప్రణాళిక అనగానే పంచవర్ష ప్రణాళికలు గుర్తొస్తాయి. 1951లో మొదలై, పన్నెండు ప్రణాళికలు నడిచి, 2017తో ఆ పద్ధతి ముగిసింది. వాటి ప్రభావమో ఏమో గానీ, ప్రణాళిక అంటే ఖర్చుల జాబితా అనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఖర్చుల జాబితాని బడ్జెట్ అంటారు. కోరికల జాబితాని అర్జీ అంటారు. దీర్ఘకాలిక ప్రణాళిక మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మనం ఎవరి కోసం ఉన్నాం? ఇప్పుడు వాళ్లకి ఎక్కడ అడ్డం పడుతోంది? ఉన్న కొద్దిపాటి వనరుల్ని ముందు దేనిమీద పెట్టి, దేన్ని వెనక్కి నెట్టాలి? ఈ మూడో ప్రశ్న కష్టమైనది, ఎందుకంటే వెనక్కి నెట్టబడినవాళ్లు ఊరుకోరు.

మా కొండల్లో ఈ పాఠం పుస్తకం లేకుండానే తెలుసు. కాఫీ వెయ్యాలంటే మొక్క నాటితే సరిపోదు, ముందు నీడ ఉండాలి. అడవి చెట్లు ఉంటే సరే, లేకపోతే సిల్వర్ ఓక్ పెంచాలి. ఆ నీడలో కాఫీ నాటితే మూడు నాలుగేళ్లకి గానీ కాపుకి రాదు. ఆ చెట్లకే మిరియం తీగ పాకిస్తారు. నీడ చెట్టు నాటిన ఏడాది చేతికి పైసా రాదు. అయినా నాటుతారు. ఈ తోటల పుణ్యమా అని 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మరి కాలేజీకి నీడచెట్టు ఏదో తేల్చుకోకుండా మొక్కలు నాటితే ఎండిపోవడంలో వింత లేదు.

సముద్రాల అవతల ఒక పోలిక

మనలాంటి కాలేజీలు వేరేచోట ఎలా బతికాయో చూడడం మంచిది. అమెరికాలో నల్లజాతివారి కోసం వెలసిన కళాశాలలు ఇప్పటికీ ఇంచుమించు నూరు ఉన్నాయి. 1964కి ముందు స్థాపించినవాటికి 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. బానిసత్వం పోయిన కొత్తలో, చదువు చెప్పడమే నేరంగా ఉండిన రాష్ట్రాల్లో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పుట్టినవి చాలా ఉన్నాయి.

నాష్‌విల్‌లోని ఫిస్క్ కళాశాల 1866లో మొదలైంది. అయిదేళ్లు తిరక్కుండానే అప్పుల్లో మునిగింది. 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు పాటల బృందంగా ఊరూరా తిరిగి డబ్బు పోగుచేశారు. వాళ్లు పాడినవి తమ తాతలు పొలాల్లో పాడుకున్న పాటలు. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాలు ఇప్పటికీ ఉంది. అలబామాలో 1881లో మొదలైన టస్కీగీలో విద్యార్థులే ఇటుకలు కాల్చి భవనాలు కట్టుకున్నారు. వరసగా మూడు బట్టీలు చెడిపోతే, నాలుగోదానికి బుకర్ వాషింగ్టన్ తన గడియారం తాకట్టు పెట్టాడు. ఆ టస్కీగీకే తరువాత అధ్యక్షుడైన ఫ్రెడరిక్ పాటర్సన్ ఒక ఆలోచన చేశాడు. చిన్న కాలేజీలు విడివిడిగా దాతల గుమ్మాలు తొక్కే బదులు, అందరూ కలిసి ఒకే విజ్ఞప్తి చేస్తే? అలా 1944లో ఇరవై ఏడు కాలేజీలు కలిసి ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇవి గెలిచిన కథలు. ఓడిన కథ కూడా చెప్పుకోవాలి. అట్లాంటాలో 1881లో పుట్టిన మోరిస్ బ్రౌన్ కళాశాల అప్పులవల్లా, ఆర్థిక నిర్వహణలో లోపాలవల్లా 2002 డిసెంబరులో గుర్తింపు పోగొట్టుకుంది. గుర్తింపు పోతే అక్కడి విద్యార్థులకి ప్రభుత్వ సహాయం రాదు. సహాయం లేకపోతే పేదపిల్లలు చేరరు. వేలల్లో ఉన్న విద్యార్థులు పదుల్లోకి దిగిపోయారు. 2012లో దివాలా అర్జీ పెట్టుకుంది. మళ్లీ గుర్తింపు దక్కింది 2022లో. ఏనాడో రాసుకోవలసిన లెక్కలు రాసుకోకపోతే ఒక తరం పిల్లలకి తలుపు మూసుకుపోయిందన్నమాట.

డాలస్‌లోని పాల్ క్విన్ కళాశాల ఇంకో రకం. 2007లో మైకేల్ సోరెల్ అధ్యక్షుడయ్యేనాటికి అది మూతపడే స్థితిలో ఉంది. ఆయన పాడుబడ్డ భవనాలు పడగొట్టించాడు. ఖర్చెక్కువైన ఫుట్‌బాల్ జట్టుని రద్దుచేశాడు. 2010లో ఆ ఫుట్‌బాల్ మైదానాన్నే కూరగాయల పొలంగా మార్చారు. ఆ చుట్టుపక్కల మంచి కూరగాయలు దొరికే దుకాణాలు లేవు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన దగ్గర సినిమాలాంటిది, అంచేత దాన్ని వదులుకోవడానికి ధైర్యం కావాలి. తమ విద్యార్థి ఎవరో, తమ పేట అవసరం ఏమిటో ముందు చూసి, ఆ తరువాత దేన్ని వదులుకోవాలో నిర్ణయించారు. ఇందాక చెప్పిన మూడు ప్రశ్నలూ ఇక్కడ వరసగా కనబడతాయి.

మన దగ్గర వేసిన నీడచెట్లు

ఇలాంటి దూరదృష్టి మనవాళ్లలో లేదనుకోవడం పొరపాటు. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాషోద్యమకారుడిగానే తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. సుమారు నలభయ్యేళ్ల పని అది. పిల్లవాడికి అర్థమయ్యే భాష ముందు, పాఠం తరువాత అన్నది ఆయన వేసిన వరస.

ఇదే వరస నైజాం రాజ్యంలోనూ కనబడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ గోండుల చదువు పథకం మొదలుపెట్టాడు. బళ్లు తెరిచి పంతుళ్లని బయటినుంచి తేవడం తేలిక. ఆయన అలా చెయ్యలేదు. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్లని తయారుచేశాడు, గోండి వాచకాలు రాయించాడు, వాళ్లచేతే బళ్లు తెరిపించాడు. తరువాత 2004లో మన రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ మొదలైన ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు చెప్పే కార్యక్రమం మొదలైంది. ఆలోచన పాతదే.

ఇహ పెద్ద సంస్థల సంగతి. విభజన చట్టం 2014లో ఆంధ్రప్రదేశ్‌కి గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామంది. మొదట కొత్తవలస మండలం రెల్లి దగ్గర స్థలం చూశారు. చట్టం వచ్చింది 2019లో. ఆ ఏడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అండతో విజయనగరం దగ్గర కొండకరకాంలోని పాత పీజీ కేంద్రంలో తరగతులు మొదలయ్యాయి. స్థలం మెంటాడ, దత్తిరాజేరు మండలాలకి మారి, శాశ్వత భవనాలకి శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టులో. మాట ఇచ్చినప్పుడు అయిదో తరగతిలో ఉన్న పిల్ల, పునాదిరాయి పడేనాటికి డిగ్రీలో ఉంటుంది. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడంలేదు. పెద్ద సంస్థలకి పట్టే కాలం అంత. ఈలోపల ఆ పిల్లకి దగ్గరలో ఉన్నది అరకులోయలోనో, పాడేరులోనో, చింతపల్లిలోనో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల మాత్రమే. అంచేత చిన్న కాలేజీ ప్రణాళిక చిన్న విషయం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఒకే స్తంభం మీద ఇల్లు కట్టకూడదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో 3వ నంబరు జీవో వచ్చింది. ఇరవయ్యేళ్లపాటు కొండల్లో డిగ్రీ చదివిన ప్రతివాడి కలా ఒక్కటే, బీఈడీ చేసి పంతులవ్వడం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అప్పటికి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి రక్షణ దొరికింది గానీ, చదువుతున్నవాళ్లకి దారి మూసుకున్నట్టయింది. ఆ తీర్పు బాగోగుల చర్చ వేరు. ప్రణాళిక వేసేవాళ్లు నేర్చుకోవలసింది ఏమిటంటే, పిల్లలందర్నీ ఒకే తలుపువైపు నడిపించకూడదని.

కొండ కాలేజీ చెయ్యగలిగిన పనులు

"ప్రభుత్వ కాలేజీకి సొంత డబ్బు లేదు, సిలబస్ విశ్వవిద్యాలయానిది, ప్రిన్సిపాల్ బదిలీ మీద పోతాడు, ఇంక ప్రణాళిక ఏమిటి సార్?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫిస్క్ వారికున్న స్వేచ్ఛ మనకి లేదు. కానీ వాళ్లకి లేని భద్రత మనకుంది, జీతాలు ఖజానా నుంచి వస్తాయి. మన చేతిలో ఉన్నవాటి వరకే చెబుతాను.

మొదటిది, వెళ్లిపోయినవాళ్ల రిజిస్టరు. ప్రతి కాలేజీలో చేరినవాళ్ల రిజిస్టరు ఉంటుంది. మానేసినవాళ్ల పేరు, ఊరు, ఏ నెలలో, ఏ కారణాన మానేశారన్నది ఎవరూ రాయరు. హాస్టల్ సీటా, జ్వరమా, పెళ్లా, ఇంగ్లీషు భయమా, గెడ్డ పొంగి దారి పోవడమా? మూడేళ్లు రాస్తే ప్రణాళికలో సగం దానంతటదే తయారవుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం అక్షరాస్యత 67 శాతం ఉంటే, గిరిజనుల్లో 49.2 శాతం, గిరిజన స్త్రీలలో 40.1 శాతం. అలాంటి ఇళ్లలోంచి డిగ్రీ దాకా వచ్చిన పిల్ల ఎన్ని గట్లు దాటి వచ్చిందో ఆలోచించండి. ఆమెని చివరి గట్టు దగ్గర పోగొట్టుకోవడం కంటే నష్టం లేదు.

రెండోది, క్యాలెండరు. మైదానానికి వేసిన క్యాలెండరు కొండకి సరిపడదు. కాఫీ పళ్ల కోత నవంబరు నుంచి జనవరి దాకా ఉంటుంది. సెమిస్టరు పరీక్షలు తరచు పడేదీ ఆ రోజుల్లోనే. చైత్రంలో ఇటుకల పండగకి ఊళ్లకి ఊళ్లు కదిలిపోతాయి. పరీక్ష తేదీలు మార్చడం మన చేతిలో లేదు. పాఠాలు జులై, ఆగస్టుల్లో ఎక్కువ చెప్పి, కోతల నెలలో తగ్గించి, పోయిన గంటలకి ప్రత్యేక తరగతులు పెట్టి హాజరు నిలబెట్టడం మన చేతిలోనే ఉంది. మానేసిన ఆ అమ్మాయి విషయంలో మేం చెయ్యవలసింది అదే.

మూడోది, భాష. ఇంట్లో కువి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడో భాషలోకి దూకమంటే తెలివైనవాడు కూడా నోరు మూసుకుని వెనకబెంచీలో కూచుంటాడు. నేను అలా కూచున్నవాణ్ణే. మొదటి ఆరువారాలు సిలబస్ పక్కనపెట్టి, సీనియర్ విద్యార్థుల చేత పాఠంలోని మాటలకి ఇంటి భాషలో అర్థాలు చెప్పించాలి. దీనికి పైసా ఖర్చులేదు, పైనుంచి అనుమతీ అక్కర్లేదు.

నాలుగోది, ఎంపిక. చిన్న కాలేజీ అన్ని కోర్సులూ పెట్టి ఏదీ సరిగ్గా చెప్పలేదు. చుట్టూ ఏముందో చూసుకోవాలి. కాఫీ, మిరియం, పసుపు, రాజ్‌మా, అడవి సరుకు కొనే గిరిజన సహకార సంస్థ, బొర్రా గుహలకి వచ్చే యాత్రికులు. వృక్షశాస్త్రం, వాణిజ్యం, యాత్రిక నిర్వహణ, ఈ మూడింట్లో రాష్ట్రంలో పేరొచ్చేలా చెప్పగలిగితే పంతులు ఉద్యోగం ఒక్కటే దారి కాకుండా పోతుంది.

అయిదోది, పొత్తు. ఇరవై ఏడు కాలేజీలు చేసిన పని మూడు కాలేజీలు చెయ్యలేవా? అరకు, పాడేరు, చింతపల్లి కాలేజీలు కలిసి ఒక గ్రంథాలయ జాబితా, ఒక గణితం మేస్టారు వారానికో చోట, పూర్వ విద్యార్థుల సంఘం ఒక్కటే, ఇలా ఉంచుకోవచ్చు.

ఆఖరిది, ఫైలు అప్పగింత. ఒక ప్రిన్సిపాల్ వెళ్లేటప్పుడు ప్రణాళిక ఫైలు తరువాతివారికి చదివి వినిపించి, ఊరిపెద్దల ముందూ, విద్యార్థి సంఘం ముందూ సంతకం పెట్టించాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి కళాశాలా తన అభివృద్ధి ప్రణాళిక తానే తయారుచేసుకోవాలంది. కాగితం ఎలాగూ రాయాలి కాబట్టి పనికొచ్చేది రాద్దాం. ఊరివాళ్లని ఎందుకు పిలవాలంటారా? కొండల్లో ప్రణాళికలకి కొదవలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది, తరువాత ఇనప ఖనిజం కోసం కొత్తవలస, కిరండూల్ రైలుమార్గం వచ్చింది. అవి దేశానికి పనికొచ్చాయి. కానీ వాటికి గీతలు గీసినప్పుడు కొండవాళ్లని ఎవరూ అడగలేదు. కాలేజీ విషయంలోనైనా అడిగితే, ప్రిన్సిపాల్ మారినా అడిగేవాళ్లు ఊళ్లో మిగులుతారు.

మీరేం చెయ్యగలరు?

ఈ సావనీరు చదివేవాళ్లలో విశాఖలోనూ, హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులున్నారు. హాస్టల్లో నా గది పక్కనే ఉంటూ కొండభాషలో కబుర్లు చెప్పుకునే కుర్రాళ్లూ ఉన్నారు. ఏజెన్సీ నుంచి వచ్చి ఈ విశ్వవిద్యాలయ కళాశాల దాకా చేరినవాళ్లు ఎందరో మీకే తెలుసు. మీతోపాటు ఇంటరులోనో డిగ్రీలోనో ఉండి, ఇక్కడికి రాకుండా ఆగిపోయినవాళ్లు ఎవరో కూడా మీకే తెలుసు. వేసవి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక నలభై పేజీల నోటుబుక్కు పట్టుకెళ్లండి. మీ పంచాయతీలో చదువు మధ్యలో ఆపేసిన ప్రతివాళ్ల పేరూ, ఏ నెలలో ఆపారో, ఎందుకు ఆపారో రాసుకురండి. తల్లిదండ్రుల్ని మర్యాదగా అడగండి, తగువు పెట్టుకోకండి.

ఆ నోటుబుక్కులన్నీ ఒకచోట చేరిస్తే లెక్కలు కట్టడానికి నేనున్నాను. జులైలో కాలేజీలు తెరిచేలోగా పని పూర్తిచేసి, మూడు కాలేజీల ప్రిన్సిపాళ్లకీ ఒక్కో ప్రతి మనమే వెళ్లి ఇద్దాం. మొదటి పేజీలో నేను రాసే పేరు ఇప్పటికే సిద్ధంగా ఉంది. నెల: డిసెంబరు. కారణం: కాఫీ కోత, హాజరు చాలలేదు.